చిల్లు కుండల మాఫీ

"మల్లసానీ! ఓ కుమ్మరి మల్లసానీ! బయటికి రా!"

సుంకాధికారి కోనప్ప కేకకు వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. మల్లసాని సారె వదిలి మట్టిచేతులతోనే వచ్చింది. ఇంట్లో నీళ్లు వడకట్టే కుండలు పెట్టుకున్నవాళ్లకు ఆ ఏడు ఇంటి పన్ను మాఫీ అని రాజుగారు చాటింపు వేయించారు. ఆ మాఫీ దక్కకపోతే పన్ను కింద ఆమె సారె జప్తయిపోతుంది.

అరుగు మీద ఒకదానిపై ఒకటి మూడు కుండలున్నాయి. పైదాంట్లో బొగ్గు, నడిమిదాంట్లో ఇసుక. అడుగుదాంట్లోకి చుక్కచుక్కగా దిగే నీళ్లు వెన్నెల కరిగి కారుతున్నట్టున్నాయి. తన చేతి పని చూసుకున్నప్పుడల్లా ఆమె గుండె పొంగిపోయేది.

కోనప్ప పైకుండ ఎత్తి చూసి పకపకా నవ్వాడు. "అడుగున చిల్లు! చిల్లు కుండలకు మాఫీ ఏమిటే? మా ఇంట్లో మూడూ నిక్షేపంలాంటి కుండలు. ఊళ్లో మొదటి మాఫీ మాదే!"

"అవీ నేను చేసినవే దొరా. చిల్లు వద్దన్నది మీరే కదా," అంది మల్లసాని తల ఎత్తి. "మీ పైకుండలో ఇప్పుడే బిందెడు నీళ్లు పోస్తాను. అవి అడుగుకుండలోకి దిగితే నా సారె పట్టుకుపోండి."

"పదండి, చూద్దాం!" అంటూ జనం బిందెలు ఎత్తుకున్నారు.

కోనప్ప గబగబా ఆమె మాఫీ పత్రం మీద ముద్ర గుద్దాడు. అయినా ఎవరూ ఆగలేదు. అందరికంటే ముందు మల్లసాని బిందె చంకనెత్తుకుని రాణిలా నడుస్తోంది. వాళ్లు తన గడప తొక్కేలోగా కోనప్ప ముందుకు ఉరికి, చేతులు అడ్డం చాపి గావుకేక పెట్టాడు.

"నీళ్లు పోయకమ్మా తల్లీ! మూడు కుండల్లోనూ మా ఆవిడ ఆవకాయ పెట్టింది!"