డెలియా అవ్వ సగం తలుపు

అనగనగా ఒక ఊళ్ళో… ఊరు మనది కాదు, దేశమూ మనది కాదు. చుట్టూ సముద్రం, మధ్యలో ఐర్లండు. ఎప్పుడు చూసినా సన్నగా వాన. ఆ ఊరి పేరు బాలిఫెర్న్. నేను చూశానా అని అడగకు, చూళ్ళేదు. మా కాన్వెంటులో సిస్టరుగారు ఆ ఊరావిడే. క్రిస్మస్ ముందు మాకీ కథ చెప్పేది. దుప్పటి గడ్డం దాకా లాక్కో, చెప్తాను.

ఆ ఊళ్ళో ఇద్దరు డాక్టర్లు ఉండేవాళ్ళు. ఒకాయన ముసలాయన, పేరు ఫింటన్. బుర్ర మీసాలు, డొక్కు కారు. ఇంకొకావిడ ఊనా డాక్టరమ్మ. అప్పుడే చదువు ముగించుకుని ఆయన దగ్గరికి పనికొచ్చింది. ఆవిడకి ఒకటే జబ్బు, నీకున్నదే. ఏది చూసినా ఎందుకు, ఎందుకు అని అడగడం.

ఫింటన్ డాక్టరు ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోకీ తలుపు తట్టకుండా వెళ్ళేవాడు. నేరుగా వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి దగ్గర కూచుని, టీ ఏదీ అని అడిగేవాడు. ఒక్క ఇంటి ముందు మాత్రం ఆయన కారు ఆగేది కాదు. అది డెలియా అవ్వ ఇల్లు.

ఆ ఇంటికి సగం తలుపు ఉండేది. సగం అంటే, కింది సగం వేరు, పై సగం వేరు. పై సగం తీస్తే వెలుతురు వస్తుంది. కింది సగం మూస్తే కోళ్ళు లోపలికి రావు. డెలియా అవ్వ ఇంట్లోకి కోళ్ళే కాదు, డాక్టర్లు కూడా రాకూడదు. ముక్కు కారినా, కాలు బెణికినా, ఆ కింది సగం తీసేది కాదు.

"ఎందుకండీ?" అని అడిగింది ఊనా.

ఫింటన్ డాక్టరు టీలో పంచదార కలుపుతూనే ఉన్నాడు. అది ఎప్పుడో కరిగిపోయింది.

ఆ డిసెంబర్లో, పోస్టుమాన్ టైగ్ ఒక కబురు తెచ్చాడు. డెలియా అవ్వ మంచం మీద పడుకోవడం మానేసిందట. కుర్చీలోనే కూచుని నిద్రపోతోందట. పడుకుంటే ఊపిరి అందదట.

ఆ మాట వినగానే ఊనా లేచి నిలబడింది. అలా ఊపిరి అందకపోవడమంటే ఏమిటో ఆవిడకి తెలుసు. మందు పడకపోతే అవ్వ వచ్చే వేసవి చూడదు.

అప్పుడు ఊనా మందుల సంచి పట్టుకుని వెళ్ళింది. అవ్వ కింది సగం మీద మోచేతులు ఆనించి నిలబడింది. వాన గురించి మాట్లాడింది, కోళ్ళ గురించి మాట్లాడింది, తన గాడిద గురించి ఇంకా ఎక్కువ మాట్లాడింది. ఆ గాడిద పేరు కెప్టెన్. ఎంత ప్రేమగా మాట్లాడితే ఏం, తలుపు మాత్రం తియ్యలేదు. ఊనాకి కనబడిందల్లా అవ్వ పెదాలు. నేరేడు పండు తిన్నట్టు నల్లబడి ఉన్నాయి. కాళ్ళు వాచాయో లేదో చూద్దామంటే తలుపు అడ్డం.

"నీకేం కోపం లేదు కదా, అమ్మాయ్?" అంది అవ్వ. "ఈ ఇంట్లోకి డాక్టరు వస్తే మనిషిని పట్టుకుపోతాడు. అందుకని రానివ్వను."

ఆ తర్వాత ఊనా ఇంకో ఉపాయం చేసింది. సంచి ఇంట్లో వదిలేసి, కిస్‌మిస్‌లు వేసిన కేకు పట్టుకుని, క్రిస్మస్ ముందు రోజు వెళ్ళింది. అవ్వ చెయ్యి చాపి కేకు తీసుకుంది. మారుగా ఒక కోడిగుడ్డు ఇచ్చింది.

"సంచి లేకపోతే డాక్టరువి కాకుండా పోతావా? ఆ చేతులు చూడు, మైలు దూరానికి ఆసుపత్రి సబ్బు వాసన!" అంది. పై సగం కూడా వేసేసింది.

ఊనా గుడ్డు పట్టుకుని వానలో నిలబడిపోయింది. నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఏం చేసింది అంటావా? చెప్తా, తొందరపడకు.

ఆ దేశంలో క్రిస్మస్ మర్నాడు పిట్ట పండగ. రెన్ అని వేలెడంత పిట్ట ఉంటుంది, దాని పేరు మీద చేస్తారు. ఆ రోజు మన పగటివేషగాళ్ళలాగా అక్కడ గడ్డివేషాలు కడతారు. గోధుమ గడ్డితో పొడుగాటి టోపీ అల్లి, మెడదాకా దించేస్తారు. కళ్ళు కూడా కనబడవు. ఇల్లిల్లూ తిరుగుతారు, మాట్లాడరు. ఇంటావిడ ప్రతి వేషంతోనూ ఒక చుట్టు డాన్సు చేసి, ఆ గడ్డి కింద ఎవరో చెప్పాలి. చెప్పగలిగితే వేషం టోపీ తీసేస్తుంది. ఆ రోజు ఏ వేషాన్నీ గుమ్మంలోంచి తిప్పి పంపకూడదు. పంపితే ఏడాదంతా ఆ ఇంటికి మంచిది కాదు.

డెలియా అవ్వ పుట్టి బుద్ధెరిగాక ఒక్క వేషాన్ని కూడా తప్పు చెప్పలేదు.

"నాకూ ఒక టోపీ కావాలి," అంది ఊనా, టైగ్‌తో. టైగ్ గడ్డం గోక్కున్నాడు. ఆ తర్వాత ఫిడేలు తీసుకుని, సరే పద అన్నాడు.

ఇద్దరూ గడ్డి టోపీలు పెట్టుకుని బయల్దేరారు. సందు మలుపులో ఇంకో గడ్డివేషం నిలబడి ఉంది. పొడుగ్గా, కొంచెం వంగి. అది ఒక్క మాట మాట్లాడకుండా వీళ్ళ వెనకాలే నడిచింది. ఊనాకి ఉండబట్టలేదు. ఎవరు, ఎవరు అని టైగ్‌ని మోచేత్తో పొడిచింది. టైగ్ వినిపించనట్టు ఫిడేలు తుడుచుకున్నాడు.

నీకు తెలుసా ఎవరో? తెలిసినా చెప్పకు.

డెలియా అవ్వ గుమ్మం ముందు టైగ్ ఫిడేలు వాయించాడు. పై సగం తెరుచుకుంది. కొంచెంసేపటికి, మెల్లిగా, కింది సగం కూడా తెరుచుకుంది.

ఊనా లోపలికి అడుగుపెట్టింది. పొయ్యిలో ఎర్రగా నిప్పు. ఆ దేశంలో చిత్తడి నేలల్లో మట్టి పెళ్ళలు తవ్వి ఎండబెడతారు. మన పిడకల్లాగా అవే పొయ్యిలోకి. ఊనా ముందు చూసింది అవ్వ కాళ్ళు. గుమ్మడికాయల్లా వాచి ఉన్నాయి, చెప్పుల్లో పట్టడం లేదు.

మూడో వేషం మాత్రం లోపలికి రాలేదు. గడప అవతలే వానలో నిలబడింది.

అవ్వ ముందు ఫిడేలు వేషం వైపు చూసింది. "నువ్వు టైగ్‌వి. నీ ఫిడేలు మూడో తీగ దగ్గర ఎప్పుడూ మూలుగుతుంది. తీసెయ్ టోపీ," అంది. టైగ్ తీసేసి, మళ్ళీ వాయించాడు. ఈసారి చాలా మెల్లిగా, జోలపాటంత మెల్లిగా.

అప్పుడు అవ్వ ఊనాతో డాన్సుకి లేచింది. డాన్సంటే ఎగరడం కాదు. ఒక అడుగు, ఊపిరి, ఇంకో అడుగు, ఊపిరి. ఊనా అవ్వ చెయ్యి పట్టుకుంది. తల వంచి గడ్డి టోపీని అవ్వ వీపుకి ఆనించింది. లోపల గురగురమని చప్పుడు. గుండె కొట్టుకోవడం పసిపిల్ల నడకలాగా ఉంది, ఒకటి సరిగ్గా, ఒకటి తప్పటడుగు. ఊనా డాన్సు మర్చిపోయింది. మనసులో లెక్కపెట్టుకుంటూ ఉండిపోయింది.

పాట అయిపోవచ్చింది. టైగ్ ఆపబోయాడు. "ఇంకొంచెం వాయించు," అంది అవ్వ. వాయించాడు. ఇంకో చుట్టు తిరిగి, అవ్వ కుర్చీలో కూలబడింది.

"అయిందా లెక్క?" అంది.

ఊనా చేతులు వెనక్కి లాక్కుంది.

"డాన్సు చేసేవాళ్ళు అరచెయ్యి పట్టుకుంటారమ్మాయ్. మణికట్టు పట్టుకునేది డాక్టర్లే. తీసెయ్ ఆ టోపీ, చెమటలు పట్టి చస్తావు."

ఊనా టోపీ తీసింది. సిగ్గుతో మొహం కందగడ్డలా ఉంది. "ముందే తెలిస్తే ఎందుకు ఆగలేదు అవ్వా?"

"లెక్క మధ్యలో ఉన్నావు కదా, పాపం," అంది అవ్వ.

ఆ తర్వాత ఆవిడ చూపు గడప వైపు తిరిగింది. మూడో వేషం గడ్డి చివర్లనుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నీతో డాన్సక్కర్లేదు. నా గడప దగ్గర కాలు ఆగిపోయేవాడు ఈ ఊళ్ళో ఒక్కడే. ఫింటన్, రా లోపలికి."

ఆ వేషం టోపీ తీసింది. బుర్ర మీసాలు తడిసి కిందికి వేలాడుతున్నాయి. ఆయనే, ఫింటన్ డాక్టరే.

ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదంటే, విను. చాలా ఏళ్ళ కిందట, డెలియా అవ్వ మొగుడు కాన్‌కి జబ్బు చేసింది. ఫింటన్ డాక్టరు అప్పుడు కుర్రవాడు. కాన్‌ని కారులో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తూ, నాలుగు రోజుల్లో తిరిగి తీసుకొస్తానని డెలియాకి మాటిచ్చాడు. కాన్ తిరిగి రాలేదు.

"మా కాన్ పోయాడని నీ మీద కోపం లేదు," అంది అవ్వ. "మనుషులన్నాక పోతారు. కానీ నేనీ తలుపు పట్టుకుని నీ కారు కోసం చూస్తూ నిలబడ్డాను. నువ్వు రాలేదు. ఇదిగో, ఈ టైగ్ చేత కబురు పంపావు. ఆ మాట నువ్వొచ్చి చెప్పాలా, వద్దా?"

టైగ్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"నీ ముందుకు రావడానికి మొహం చెల్లలేదు, డెలియా," అన్నాడు ఫింటన్ డాక్టరు.

"అందుకని ఇవాళ గడ్డి మొహం పెట్టుకొచ్చావా?" అంది అవ్వ. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు. ఆయన వచ్చి, చిన్నపిల్లాడిలాగా ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూచున్నాడు.

అప్పుడు అవ్వ ఊనా వైపు తిరిగింది. "చెప్పు, నీ లెక్కలో ఏం తేలింది?"

ఊనా దాచలేదు. "గుండె అలిసిపోయింది అవ్వా. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. పట్నం ఆసుపత్రిలో ఉంటే తగ్గుతుందని నా నమ్మకం. కానీ తప్పకుండా తిరిగొస్తావని మాట మాత్రం ఇవ్వలేను."

అవ్వ ఊనా చెయ్యి దగ్గరికి లాక్కుంది. "అమ్మయ్య, మాటివ్వని డాక్టర్ని ఇన్నాళ్ళకి చూశాను," అంది. "వస్తాను. అయితే మూడు సంగతులు. ఈ పొయ్యి మా అత్తగారి కాలం నుంచీ ఆరలేదు, ఆరకూడదు. కెప్టెన్‌కి వేళకి గడ్డి పడాలి. ఈ రెండూ చెయ్యడానికి ఫింటన్ ఇక్కడే ఉండాలి. మూడోది, నా సంగతి రోజూ నువ్వే వచ్చి ఆయనకి చెప్పాలి. మంచైనా, చెడైనా."

అలా డెలియా అవ్వ పట్నం వెళ్ళింది. ఫింటన్ డాక్టరు ఆ ఇంట్లో దిగాడు.

ఇక చూడు ఆయన అవస్థ! మొదట కెప్టెన్ ఆయన టోపీ నమిలేసింది. ఆ తర్వాత పొయ్యి కాస్తా ఆరిపోబోయింది. ఆయన మోకాళ్ళ మీద కూచుని, బుగ్గలు పూరించి, ఊది ఊది, మీసాలకి మసి పూసుకుని, నివురు కింద ఒక్క నిప్పు కణిక దొరికాక గానీ లేవలేదు. ఊరికంతటికీ మందులిచ్చినాయన, ఒక్క పొయ్యికి ఊపిరి పొయ్యడానికి నానా తంటాలూ పడ్డాడు.

ఆ తర్వాత ఒక రోజు ఊనా రావలసిన వేళకి రాలేదు.

ఆయన కింది సగం మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. రోడ్డు చూశాడు. వాన వచ్చింది, వెలిసింది. ఒక కారు చప్పుడైంది, అది వేరే దారిన పోయింది. టీ చల్లారిపోయింది. అప్పుడు తెలిసింది ఆయనకి, డెలియా ఆ తలుపు దగ్గర ఎలా నిలబడిందో. ఆ చెక్క మీద మోచేతులు ఆనేచోట రెండు గుంటలు అరిగి ఉన్నాయి. అవి కోళ్ళని చూస్తూ అరిగినవి కావని కూడా తెలిసింది.

చీకటి పడే వేళకి ఊనా వచ్చింది. దారిలో వాగు పొంగితే కారు అక్కడే వదిలేసి, చుట్టూ తిరిగి నడిచొచ్చింది. బురదలో మోకాళ్ళదాకా మునిగిపోయి ఉంది. ఆవిడ నోరు విప్పేలోపు ఆయనకి ప్రాణం పోయినంత పనైంది.

"సూప్ తాగింది," అంది ఊనా. "పడుకుని నిద్రపోయింది, కుర్చీలో కాదు, మంచం మీద. కెప్టెన్ ఎలా ఉందని అడిగింది."

ఫింటన్ డాక్టరు ఆ తలుపు పట్టుకుని ఏడ్చేశాడు.

ఆ తర్వాత జనవరిలో ఆడవాళ్ళ క్రిస్మస్ వచ్చింది. అవును, ఆ దేశంలో అదొకటుంది! ఆ రోజు ఆడవాళ్ళు కూచుంటారు, మగవాళ్ళు వంట చేస్తారు. నాకీ పండగ భలే నచ్చింది. మీ తాతకి చెప్తే పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఆ రోజు డొక్కు కారు డెలియా అవ్వ ఇంటి ముందు ఆగింది. ఊనా కారు తలుపు తీసింది. అవ్వ దిగింది. కాళ్ళు చెప్పుల్లో సరిగ్గా పట్టాయి. ఆవిడ ముందు పొగగొట్టం వైపు చూసింది. పొగ వస్తోంది. పాకలోంచి కెప్టెన్ ఊరంతా అదిరేలా ఓండ్రపెట్టింది.

గుమ్మంలో ఫింటన్ డాక్టరు, నడుముకి అవ్వ పూల ఏప్రన్ కట్టుకుని నిలబడి ఉన్నాడు. కింది సగం మూసి ఉంది.

"లోపలికి రావచ్చా, డాక్టరుగారూ?" అంది అవ్వ.

ఆయన కింది సగం తీసి గోడదాకా తోసేశాడు. "నీ కారు వచ్చేదాకా చూస్తూ నిలబడ్డాను, డెలియా," అన్నాడు.

"తెలిసిందిగా, ఎలా ఉంటుందో," అంది అవ్వ. ఆయన చెయ్యి పట్టుకుని, "పద, టీ పెట్టు," అంటూ గడప దాటింది.

ఆ తర్వాత డెలియా అవ్వ ఎన్నో పిట్ట పండగలు చూసింది. ఏ పండగకీ ఒక్క వేషాన్ని తప్పు చెప్పలేదు. కోళ్ళు లోపలికొస్తున్నా సరే, డాక్టర్ల కారు చప్పుడు వినబడితే కింది సగం తెరిచేసేది.

ఏమిటీ, నిద్ర రాలేదా ఇంకా? రేపు డాక్టరమ్మ వస్తే మంచం కింద దూరతావా? దూరవా? మణికట్టు పట్టుకుంటే లెక్క అయ్యేదాకా కదలవా? మా బంగారమే!

గాడిదేమో పాకకి, గడ్డి టోపీ అటకకి,
పొగ వెళ్ళింది పైపైకి, వెచ్చదనం ఒంటికి,
వానలో తడిసిన కథ వెళ్ళి చేరుకుంది కంచికి,
వాలిపోయే కళ్ళతో మనం మనింటికి.