పైడమ్మ చెక్కిన బంగారు నాణెం

అనగనగా సముద్రం ఒడ్డున ఒక బుల్లి రాజ్యం ఉండేదమ్మా, చిట్టీ. దాని రాజు మణిధరుడు. ఒకరోజు ఆయనకి భలే సరదా పుట్టింది. "ఒక దేశం నాణెం మీద ఏనుగు, ఇంకో దేశం నాణెం మీద నెమలి. చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది. మనకీ ఒక బంగారు నాణెం కావాలి!" అన్నాడు. పున్నమినాడు జనం ముందర దాన్ని కొడతామని ఊరూరా దండోరా వేయించాడు.

నాణెం కొట్టాలంటే ముందు ఉక్కు మీద బొమ్మ చెక్కాలి. దాన్నే అచ్చు అంటారు. ఆ పని, ఊళ్ళో ఉలి పట్టడంలో చెయ్యి తిరిగిన పైడమ్మకి అప్పగించారు.

"సింహాన్ని చెక్కు" అన్నాడు రాజు. పైడమ్మ సింహాన్ని ఎప్పుడు చూసింది కనక! ఎంత కష్టపడినా అది పాల కోసం వచ్చిన పిల్లిలాగే కూర్చుంది.

ఆ తర్వాత "పోనీ, నా మొహం చెక్కు" అన్నాడు. చెక్కింది. మీసాలు బ్రహ్మాండంగా వచ్చాయి. రాణిగారు చూసి, "ఇది మీ బొమ్మ. మరి దేశం బొమ్మేదండీ?" అంది. రాజు ఆ అచ్చు పక్కన పెట్టించేశాడు.

పున్నమి దగ్గరికొచ్చేసింది. ఏం చెక్కాలో తోచక పైడమ్మకి అన్నం సయించడం లేదు.

అప్పుడేమైందో తెలుసా? పట్టపగలే ఆకాశం నల్లబడిపోయింది. హోరుమని గాలి! తుఫాను! చేపలకి వెళ్ళిన పడవలు ఇంకా సముద్రంలోనే ఉన్నాయి. పైడమ్మ మొగుడు నూకయ్య కూడా ఒక పడవలో ఉన్నాడు. ఉలి పారేసి ఒడ్డుకి పరిగెత్తింది.

ఒడ్డు దాకా రాలేకపోతున్న ఒక పడవలోంచి ఎవరో మోకు విసిరారు. మోకంటే లావుపాటి తాడు. పైడమ్మ అందుకుంది. వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు. గాజుల చేతులు, ముడతల చేతులు, బుల్లి బుల్లి చేతులు! రాజుగారు కూడా కిరీటం లేకుండా వచ్చి మధ్యలో దూరిపోయాడు. ఆయన్ని ఎవరూ చూడనే లేదు. "హైలెస్సా!" ఒక పడవ వచ్చింది. "హైలెస్సా!" రెండోదీ వచ్చింది. మూడోది నూకయ్యది. దాని మోకు చేతికందిందో లేదో, పడవ అల కింద మునిగిపోయింది!

ఒక్కరూ వదల్లేదు. ఊపిరి బిగబట్టి లాగారు. పడవ పైకి తేలి ఇసుకలో వచ్చి పడింది. నూకయ్య దగ్గుతూ లేచాడు. పైడమ్మ అతన్ని వాటేసుకుని ఏడుస్తూనే నవ్వేసింది.

ఆ తర్వాత ఉలి పట్టిన మనిషి, పున్నమి పొద్దు దాకా తల ఎత్తలేదు.

డోలు మోగింది. ఠంగుమని సుత్తి పడింది. ధగధగా మెరిసే నాణెం రాజు అరచేతిలో పెట్టారు. దాని మీద ఒక మోకు, మోకు నిండా చేతులు. అంతే.

రాజు నాణేన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని వెతికాడు. "పైడమ్మా, ఆరోజు నేనూ లాగాను. ఇందులో నా చెయ్యి ఏది?"

"తెలీదు ప్రభూ. ఆరోజు నేను మొహాలు చూడలేదు."

రాజు పకపకా నవ్వి నాణేన్ని జనంలోకి పంపాడు. అది చేతులు మారుతూ పోతుంటే, ప్రతివాళ్ళూ వేలు పెట్టి చూపించారు: "ఇదిగో, ఇది నా చెయ్యి!"

కథ కంచి బండెక్కింది,
నిద్ర కంటి గడపెక్కింది.
దుప్పటి కప్పుకో,
అమ్మమ్మని హత్తుకో.