నమిలే చేనులో వెలసిన గుప్పెడమ్మ

కొబ్బరికాయ తెచ్చారు. అరటిపళ్ళు తెచ్చారు. అగరొత్తులు, పూలదండ, పసుపుకుంకుమ అన్నీ తెచ్చారు. సరే, విత్తనం తెచ్చారా?

గుప్పెడమ్మ గట్టు ఎక్కి వచ్చే ప్రతి ఒక్కరినీ మొదటి బండ దగ్గరే ఆపి అడిగే ప్రశ్న ఇది. లేదన్నవారిని ఎవరూ వెనక్కి పంపరు. కానీ వారికి ఇక్కడ చేయడానికి పనేమీ ఉండదు. ఈ తల్లికి కొబ్బరికాయతో అవసరం లేదు. ఆమె ముఖం కనబడదు, నోరు కనబడదు. కనబడేది ఒక్క పిడికిలి.

నల్లగుండ్లవంక గ్రామానికి ఉత్తరాన, వంక దాటి కొంచెం పైకి నడిస్తే, ఏటవాలుగా మూడెకరాల మెట్టచేను వస్తుంది. గోపురం లేదు, గోడ లేదు, కప్పు లేదు. చేనే గుడి. కింది రెండెకరాల్లో ఏటా కొర్ర పండుతుంది. పై ఎకరంలో గడ్డిపోచ కూడా మొలవదు. పక్షి వాలదు. ఆ బోడినేల నడుమ, మోచేతి దాకా మట్టిలో ఉండి, నల్లరాతి పిడికిలి ఒకటి పైకి లేచి ఉంది. బొటనవేలు మిగతా నాలుగు వేళ్ళనూ గట్టిగా అదిమి పట్టి ఉంటుంది. చెక్కిన ఉలిగుర్తు ఎక్కడా లేదు.

పాదరక్షలు విడవమని అన్ని గుళ్ళలోనూ చెబుతారు. ఇక్కడ ఇంకొకటి చెబుతారు: పరిచిన బండలు దిగి పై ఎకరం మట్టిమీద నిలబడవద్దు. ఎందుకు అని అడగండి. అడగవలసిందే. కారణం తెలియకుండా పెట్టిన దండం సగం దండమే. ఆ కారణం ఇదిగో.

పూర్వం ఇక్కడ ఇళ్ళు కొన్నే ఉండేవి. గుట్ట మీద గొర్లకాపరుల దొడ్డి ఒకటి ఉండేది. అది తిమ్మక్కది. ఆమె కొడుకు మద్దిలేటి, కోడలు ఓబులక్క. ముగ్గురికీ గొర్రెలమందే బతుకు. ఒక ఏడు జీవాలకు మాయరోగం వచ్చి ఎనిమిది దినాల్లో మంద మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. చివరి గొర్రె పోయిన నాడు తిమ్మక్క ఏడవలేదు. సాయంత్రం ఎప్పటిలాగే దొడ్డి తడికె మూసి తాడు కట్టింది. మరునాడూ కట్టింది. ఆ తర్వాత కూడా, ఖాళీ దొడ్డికి, ప్రతి సాయంత్రం.

ఓబులక్క ఊరిపెద్ద కంబగిరిరెడ్డి దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఎవరూ సేద్యం చేయని ఆ మూడెకరాలు తమకిమ్మని అడిగింది.

"ఇస్తా. కానీ మఖ కార్తె దాటేలోపల చేనిలో పచ్చ నిలబెట్టాల. నిలబెట్టలేకపోతే చేను ఊరికి తిరిగొస్తాది. మీరు వేరే ఊరు చూసుకోవాల" అన్నాడాయన.

ఓబులక్క ఒప్పుకుంది. ఎవరూ చేయని చేనును ఎందుకు ఎవరూ చేయలేదు? ఆ ఒక్క ప్రశ్న ఆమె అడగలేదు. అంత నోరున్న మనిషి, అడగవలసిన చోట అడగలేదు.

ఎద్దుల్నీ, విత్తే గొర్రునూ పక్కచేను పుల్లన్న అరువిచ్చాడు. ఇస్తూ ఊరుకోలేదు.

"ఏమ్మే ఓబులక్కా, గొర్రెకూ గొర్రుకూ తేడా తెలుసునా నీకు?"

"గొర్రె చెప్పినమాట వింటాదన్నా. నీ గొర్రు సంగతి చూడాల."

పుల్లన్న నవ్వి, తర్వాత నవ్వు ఆపాడు. "ఒక మాట చెప్తా విను. అది ఎన్నేండ్ల నుంచో పెంటా గత్తం ఎరగని నేల. ముందు ఒక మూల గుప్పెడు చల్లి చూడు. మొలిస్తే మిగతాది విత్తుకుందువు."

"మందను మేపను తోలేటప్పుడు సగం దొడ్లో కట్టేసి సగం తోల్తారా? పోతే అంతా ఒక్కసారే పోవాల."

"అది మంద. ఇది విత్తనం."

"రెండూ ప్రాణమే గదన్నా."

పుల్లన్న పగ్గాలు ఆమె చేతికిచ్చి తన చేనుకు పోయాడు. అతను వాదం మానాడు కనుక తన మాటే నిజమని ఓబులక్క అనుకుంది. మాటలో గెలిచినవాళ్ళు చేనిలో ఓడడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఆరుద్రలో పదును వాన పడింది. మద్దిలేటి ఎద్దుల్ని తోలుతుంటే, ఓబులక్క వెనక నడుస్తూ గొర్రు మీది కొయ్యగిన్నెలో కొర్రవిత్తనం పోస్తోంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కడవెడు విత్తనం. ఇంట్లో ఉన్నది అంతే. పై ఎకరంలో మొదటి సాలు సగంలో ఉండగా, గిన్నెలో ఆమె చేతికింద ఇంకొక చేయి తగిలింది. చల్లగా, గరుగ్గా, ఎండిన బెరడులా ఉంది. అది ఆమె వేళ్ళ చుట్టూ మూసుకుంది. విత్తనం కిందికి జారనివ్వలేదు.

ఓబులక్క చేయి విదిలించింది. గిన్నెలో చూస్తే గింజలు తప్ప ఏమీ లేవు.

"ఏమాయెనే?" అన్నాడు మద్దిలేటి వెనక్కి తిరక్కుండానే.

"తిమ్మిరి. నువ్వు తోలు."

ఇంకో సాలులో మళ్ళీ పట్టుకుంది. మూడోసారి పట్టుకున్నప్పుడు గోళ్ళు దిగబడ్డాయి. మూడుసార్లూ ఓబులక్క విదిలించుకుంది. పొద్దు వాలే వేళకు మూడెకరాలూ విత్తడం అయిపోయింది. ఆమె కడవను బోర్లించి చరిచి, అడుగున అంటుకున్న గింజల్ని కూడా గిన్నెలో వేసింది. గుప్పెడు కూడా మిగుల్చుకోలేదు.

అయిదు దినాలకు పుల్లన్న చేనిలో మొలక కనబడింది. ఇక్కడ లేదు. ఎనిమిది దినాలు గడిచాయి. మద్దిలేటి సాళ్ళు తవ్వి చూశాడు. గింజ కుళ్ళి ఉంటే కుళ్ళు కనబడాలి. చీమలు తిని ఉంటే పొట్టు కనబడాలి. రెండూ లేవు. మూడెకరాల్లో ఎక్కడ తవ్వినా, అక్కడ ఎప్పుడూ ఎవరూ ఏమీ వేయనట్టే ఉంది.

తొమ్మిదోనాడు మద్దిలేటి కూలికి పోయాడు. మిట్టమధ్యాహ్నం. నీడలు కాళ్ళకిందికి ముడుచుకున్న వేళ. ఓబులక్క పై ఎకరంలో ఒక్కతే కూర్చుని ఉండగా, దగ్గర్లో ఏదో నమిలే చప్పుడు వినిపించింది. నిదానంగా, అదే పనిగా నమలడం. మంద నడుమ పెరిగిన మనిషికి ఆ చప్పుడు కొత్త కాదు. ఆమె అలవాటుగా తలెత్తి చూసింది. చుట్టూ ఒక్క జీవమూ లేదు. అప్పుడు వంగి నేలకు చెవి ఆనించింది.

చప్పుడు కిందినుంచి వస్తోంది.

లేవాలనుకుంది. లేవలేకపోయింది. చెవి నేలకు ఆనించినట్టే కన్ను మూతపడింది. ఆ పట్టపగటి కలలో, గుండెల దాకా మట్టిలో దిగబడిన ఒక ఆడమనిషి కనిపించింది. ఒక చేయి మాత్రం పైకెత్తి, పిడికిలి బిగించి ఉంది.

"నీకంటే ముందర ఈ చేను చేసినదాన్ని" అంది ఆ మనిషి. "నేనూ ఒక్క దినానే అంతా చల్లినా. తిన్నాది. ఈ నేల ఇంకా పెట్టమన్నాది. నాకాడ ఇంకేం లేకపాయె."

"అప్పుడేం పెడితివి?"

"నేనుంటిని గదా."

ఓబులక్క తన చేతిమీది గోటిగుర్తులు చూసుకుంది.

"మూడు మార్లు నీ చెయ్యి పట్టుకుంటి, విదిలిస్తివి. అందినకాడికి దాచినా, తీసుకో. దానికి ముందు కూడు పెట్టు. తర్వాత విత్తనమియ్యి. నా పిడికిలి మాత్రం ఎప్పటికీ ఖాళీగా ఉంచొద్దు."

మెలకువ వచ్చింది. ఆమె తల దగ్గరే, పొద్దున లేని నల్లరాతి పిడికిలి నేలలోంచి లేచి ఉంది. చూస్తుండగానే బొటనవేలు కొంచెం పక్కకు జరిగింది. లోపలి నుంచి కొర్రలు ఆమె కొంగులోకి రాలాయి. వెచ్చగా, తడితడిగా ఉన్నాయి. గుప్పెడు. చివరి గింజ రాలగానే కింద నమలడం ఆగిపోయింది. ఆగి, ఆమె కూర్చున్న చోటికి సరిగ్గా కిందికి వచ్చి, మళ్ళీ మొదలయింది. ఓబులక్క కొంగు బిగించి పట్టుకుని వంక దాకా వెనక్కి చూడకుండా పరుగెత్తింది.

కూడు అంటే ఏమిటో ఆమెకు చెప్పనక్కర లేదు. గుట్ట మీది దొడ్డిలో మూడు తరాల మంద తొక్కిన గొర్రెపెంటికల గత్తం మోకాలి లోతున ఉంది. కానీ తిమ్మక్క తడికెకు అడ్డంగా నిలబడింది.

"అది నా మంద కూచున్న చోటు. పారతో ముట్టుకున్నావంటే చూడు! చోటు చెడిపితే మంద మళ్ళీ వస్తాదా?"

"మంద రాదత్తా."

"నువ్వెవురే చెప్పను?"

ఓబులక్క ఎప్పటిలా వాదించలేదు. మరునాడు మధ్యాహ్నం అత్తను చేయి పట్టుకుని పై ఎకరానికి తీసుకుపోయి, నేలకు చెవి పెట్టమంది. తిమ్మక్క పెట్టింది. చాలాసేపు లేవలేదు. లేచి, చెవికంటిన మట్టి దులుపుకుంది.

"నలభై ఏండ్లు మంద నడుమ పండుకున్నా. కడుపు నిండి నెమరేసేదేదో, ఆకలికి నమిలేదేదో నాకు తెలుసు. ఇది ఉత్తనోరు నమల్తాంది బిడ్డా."

ఆ సాయంత్రం తిమ్మక్క తడికె మూయలేదు. తానే తాడు విప్పి, మొదటి గంప తన నెత్తిన ఎత్తుకుంది.

ముగ్గురూ గత్తం మోసి కింది ఎకరం మూలలో ఏడడుగుల మడి చేశారు. చీలమండ దాకా గత్తం పరిచి, మఖ కార్తెలో పడిన వానకు నానబెట్టారు. విత్తే ముందు ఓబులక్క తాను దాచిన ఆ గుప్పెడు కొర్రల్లోంచి చిటికెడు తీసి, వంకలోంచి తెచ్చి పరిచిన బండలమీద నడిచి వెళ్ళి, పిడికిలి సందులో పెట్టింది. ఈసారి ఆమె అంతా చల్లలేదు. అయిదోనాటికి మడిలో మొలక లేచింది.

మఖ కార్తె చివరి దినం కంబగిరిరెడ్డి పుల్లన్నను వెంటబెట్టుకుని వచ్చాడు. మడి చూసి చేతికర్ర నేలకు కొట్టాడు.

"మూడెకరాలిస్తే చాపంత పచ్చ చూపిస్తాండావా? ఈపొద్దే మూటాముల్లె కట్టుకోండి."

"కట్టుకుంటాం పెద్దాయనా. ముందు మీ చేత్తో ఒక గుప్పెడు గింజలు పైన చల్లి, చెప్పులిడిచి నిలబడండి. ఆనక మీరేం చెప్తే అది" అంది ఓబులక్క.

రెడ్డి చెప్పులు విడిచి, పుల్లన్న పైపంచలో ఉన్న జొన్నలు తీసుకుని, పై ఎకరంలో నిలబడి విసిరాడు. తెల్లగింజలు ఎర్రమట్టి మీద స్పష్టంగా కనబడుతున్నాయి. ఒక గింజ మాయమైంది. దాని పక్కది మాయమైంది. కిందినుంచి ఎవరో ఒక్కొక్కటే ఏరుకుంటున్నట్టు, వరసగా, అన్నీ. చివరిది రెడ్డి బొటనవేలి పక్కన ఉంది. అదీ పోయింది. అరికాలి కింద నేల మెల్లగా కదలడం ఆయనకు తెలిసింది. ఒక కాలు ఎత్తాడు, అది దించి రెండోది ఎత్తాడు. పుల్లన్న ఎప్పుడు ఎక్కాడో గానీ అప్పటికే ఒక గుండురాయి మీద ఉన్నాడు.

"మా తాత కాలంలో ఒక ఆడమనిషి ఈ చేను చేసేదంట. కోతలనాటికి కనపడలేదంట. వలస పోయింటాదనుకున్నారు" అన్నాడు రెడ్డి, గొంతు తగ్గించి.

"పోలేదు" అంది ఓబులక్క.

ఆయన్ని కిందికి తీసుకొచ్చి మడిగట్టున నిలబెట్టింది. అక్కడ ఏ చప్పుడూ లేదు. చల్లటి నేల, లేతమొలక.

"ఇక్కడ తిన్నాది పెద్దాయనా. అందుకే ఇచ్చినాది."

కంబగిరిరెడ్డి వంగి మొలకల్ని వేలితో తాకి చూశాడు. తర్వాత అక్కడే తీర్పు చెప్పాడు. గడువు ఎత్తేశాడు. చేను ఓబులక్కదే. ఒక ఎకరం కడుపు నిండాకే ఇంకో ఎకరం పట్టాలి. ముందు కూడు, తర్వాత విత్తనం. అప్పటిదాకా ఊళ్ళో ఎవరూ ఆమెను పచ్చ ఏదని అడగకూడదు.

మొదటి ఎకరానికి ఒక ఏడు పట్టింది. పొరుగూళ్ళ మందల్ని పిలిచి పెంటికల కోసం చేనిలో కట్టించారు, పచ్చిఆకు మట్టిలో తొక్కించారు. రెండో ఎకరానికి మూడేళ్ళు పట్టింది. రెండింటిలోనూ నమలడం ఆగింది, కొర్ర పండింది. మూడోది, అంటే పిడికిలి ఉన్న పై ఎకరం, ఓబులక్క బతికినన్నాళ్ళూ మేపింది. ఆమె కూతురు మేపింది. కూతురి కూతుళ్ళు మేపారు. ఆ నేల కింద ఉన్నది ఒక్క మనిషి కాదనీ, ఒక్క దినాన అంతా చల్లినవాళ్ళు అంతకుముందూ ఉన్నారనీ, వాళ్ళందరి ఆకలీ తీరాలనీ ఈ ఊరి పెద్దలు చెబుతారు.

నేటికీ గుప్పెడమ్మకు అర్చన చేసేది ఓబులక్క వంశపు ఆడవారే. కొత్తగా సేద్యం మొదలుపెట్టేవారు, ఉన్నది అరెకరమైనా అయిదెకరాలైనా, విత్తడానికి ముందు ఇక్కడికి వస్తారు. తెచ్చిన విత్తనంలో చిటికెడు పిడికిలి సందులో ఉంచుతారు. తమ చేనిలో ఏడడుగుల మడి చేసి, ముందు అక్కడ గుప్పెడు చల్లి, మొలిచాకే మిగతాది విత్తుతారు. అలా చేసినవారి విత్తనం వమ్ము కాదనీ, వారి ఇంటి కడవ అడుగు కనబడదనీ నమ్మకం. కోతలయ్యాక కొత్త కొర్రలతో అన్నం వండి తెచ్చి, బండలమీద నుంచే నేలకు పెడతారు. పెట్టినది ఎంతసేపట్లో పోతుందో చూడవద్దని అర్చకురాలు చెబుతుంది. చూసినవారు రెండోసారి చూడరు.

ఈ కథ విని చేతులు జోడించి వెళ్ళిపోవడానికి మీకు ఎవరూ అడ్డు చెప్పరు. కానీ మీరు నిలబడిన ఈ బండల కింద నమలడం ఇంకా ఆగలేదు. నమ్మకపోతే వంగి చెవి పెట్టండి. నమ్మితే, ఆ గట్టుపక్కన గత్తం కుప్ప ఉంది, గంపలు ఉన్నాయి. చీర ఖరీదైనదని, ప్యాంటు తెల్లదని వెనకాడకండి. ఒక గంప నింపండి, నెత్తిన పెట్టుకోండి, బండలు దిగకుండా పై ఎకరంలో కుమ్మరించండి. ఇప్పుడే. మధ్యాహ్నం కాకముందే.