వాగు రంగు

బడి నుంచి తిరిగొచ్చేసరికి ఇలియాస్ మొహం కందిపోయి ఉంది. చేతిలోని బొమ్మల కట్టని గురువు ముందు పెట్టి, ఈ పని తన వల్ల కాదన్నాడు.

అతను హైదరాబాదులో పదేళ్లు రంగుటద్దాల పని చేసినవాడు. ఏడాది కిందట అన్నీ వదులుకుని హజ్రత్ మొహియుద్దీన్ షా దగ్గర శిష్యుడిగా చేరాడు. ఈమధ్యే ఊరివాళ్లంతా కలిసి దర్గా పక్కన ఒక సత్రం కట్టారు. ఎవరైనా వచ్చి తలదాచుకోవచ్చు. దాని తూర్పు గోడకి రంగుటద్దాల కిటికీ పెట్టాలనీ, అందులో ఊరి వాగు కనిపించాలనీ పెద్దలు అనుకున్నారు. బొమ్మ మాత్రం బడిపిల్లలే గీయాలని హజ్రత్ పట్టుబట్టారు.

పిల్లలు గీశారు. ముప్పై రెండు కాగితాలు. ఒకదాంట్లో వాగు ఎర్రగా ఉంది. ఇంకోదాంట్లో ఊదా. మరోదాంట్లో చిలకపచ్చ. నీలం ఒక్కదాంట్లోనూ లేదు.

నీళ్లు ఏ రంగులో ఉంటాయో కూడా తెలియని పిల్లలకి ఊరి కిటికీ అప్పజెప్పడం ఏమిటని ఇలియాస్ మండిపడ్డాడు. ఐదో తరగతి ఓబులమ్మనైతే వాగుకి నీలం వెయ్యమంటే, "సోమవారం వాగు వెయ్యాల్నా, గురువారం వాగు వెయ్యాల్నా సార్?" అని అడిగిందట. క్లాసంతా నవ్విందట. తనని ఎగతాళి చేస్తోందని ఆ పిల్లని గుమ్మం బయట నిలబెట్టి వచ్చేశాడు.

"నీలం అద్దం తెప్పించే ఉంచాను హజ్రత్. వాగు నేనే గీస్తాను. కింద పిల్లల పేర్లు రాద్దాం."

హజ్రత్ బొమ్మల్ని ఒక్కొక్కటే తీసి చూశారు. ఓబులమ్మ కాగితం దగ్గర కాసేపు ఆగారు. అందులో ఎర్రటి వాగు ఒడ్డున చేపలు వెల్లకిలా పడి ఉన్నాయి.

"అసర్ నమాజు వేళవుతోంది," అన్నారాయన. "వాగు నుంచి నా వజూకి నీళ్లు పట్టుకురా."

ఇలియాస్‌కి అర్థం కాలేదు. నమాజుకి ముందు మొహం, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి దర్గా ఆవరణలోనే బోరు కుళాయి ఉంది. వాగు బడి వెనక గుట్ట దాటితే గాని రాదు. ఈ ఏడాదిలో అతనొక్కసారీ అటు వెళ్లలేదు. అయినా ఎదురు చెప్పకుండా కూజా తీసుకుని బయల్దేరాడు.

గుట్ట దిగుతుండగానే ముక్కు మూసుకోవలసి వచ్చింది. ఎగువన బట్టలకి రంగులద్దే ఫ్యాక్టరీ ఉంది. దాని గొట్టంలోంచి ఊదారంగు నీళ్లు నురగలతో వాగులో పడుతున్నాయి. అవతలి గట్టు నుంచి ఒకామె గేదెని తోలుకొస్తోంది. దాని కాళ్లు మోకాళ్ల దాకా ఊదాగా ఉన్నాయి. అదేమిటని ఇలియాస్ అడిగితే, ఫ్యాక్టరీవాళ్లు ఏ రోజు ఏ రంగు అద్దితే వాగు ఆ రంగులో పారుతుందని చెప్పింది. మామూలు సంగతి చెప్పినట్టే చెప్పి వెళ్లిపోయింది. ఆమె కోపంగా చెప్పి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

కూజా నింపుకుని వచ్చేసరికి హజ్రత్ దోసిలి పట్టి కూర్చుని ఉన్నారు.

"పొయ్యి," అన్నారు.

ఇలియాస్ కదల్లేదు.

"నోరు కూడా పుక్కిలించాలి. వేళ దాటిపోతోంది. పొయ్యి బేటా."

కూజా వంచబోయాడు. చేతులు రాలేదు. దాన్ని తీసుకెళ్లి దూరంగా పెట్టి, తల దించుకుని నిలబడ్డాడు.

హజ్రత్ గొంతు అంత కటువుగా ఉండగా అతనెప్పుడూ వినలేదు.

"నా దోసిట్లో పొయ్యలేని నీళ్లు నీలంగా ఉన్నాయని ఆ పిల్లల చేత అబద్ధం చెప్పిస్తావా? కింద వాళ్ల పేర్లు కూడా రాస్తావా?"

మర్నాడు ఇలియాస్ బడికి వెళ్లి, క్లాసు ముందే ఓబులమ్మని క్షమించమని అడిగాడు. తెచ్చిన అద్దం ముక్కలన్నీ నేల మీద పరిచి తానూ పిల్లల మధ్య కూర్చున్నాడు. ఏ ముక్క ఎక్కడ ఉండాలో వాళ్లు పోట్లాడుకుని తేల్చారు. అతను కోసి, సీసం పట్టీలతో అతికించాడు. నెల తిరిగేసరికి కిటికీ గోడకెక్కింది. ఎండ పడితే సత్రం నేల మీద ఎరుపు, ఊదా, చిలకపచ్చ పారుతున్నాయి. వాటి పక్కన తెల్లటి చేపలు.

పెద్దలు చూడ్డానికి వచ్చారు. వాళ్లలో ఫ్యాక్టరీ యజమానీ ఉన్నాడు. పిల్లల పనితనం ముచ్చటగా ఉందన్నాడు. బయటివాళ్లు చూస్తే మాత్రం ఊరి పరువు పోతుందని, వాగు వరకూ నీలం అద్దం వేయించెయ్యమని నవ్వుతూ చెప్పాడు. పెద్దలు తలలూపారు.

ఇలియాస్ గురువు వైపు చూశాడు. హజ్రత్ కళ్లు మూసుకుని తస్బీ పూసలు తిప్పుకుంటున్నారు.

ఇలియాస్ వెళ్లి యజమానికి ఎదురుగా నిలబడ్డాడు.

"ముందు మీరు వాగుని మార్చండి," అన్నాడు. "అద్దం మార్చడం నాకు ఒక్క పూట పని."