ఎడమచేతి వడ్డన

తుంగభద్ర ఒడ్డున చిన్న మఠం నడిపే చెన్నవీరయ్యగారికి ఒక అలవాటు. ఎవరేమి అడిగినా వెంటనే జవాబు చెప్పరు. ఏదో ఒక పని అప్పజెప్పి, "ముందు ఇది చూడు" అంటారు. ఆ సంగతి తెలిసే వచ్చినా, వామాక్షికి ఆ రోజు అంత ఓపిక లేదు.

ఆమెకు ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లు ఉంది. ప్రమాదాలు తగ్గితే ప్రీమియం తగ్గుతుందని బీమా కంపెనీవాళ్ళు చెప్పినప్పటి నుంచి మిల్లులో ఒక పద్ధతి పెట్టింది. నెలంతా ఎవరికీ దెబ్బ తగలకపోతే అందరికీ బోనసు, ఒక్కరికి తగిలినా ఎవరికీ లేదు. మంత్రం వేసినట్టు దెబ్బలు ఆగిపోయాయి. ప్రీమియమూ దిగింది. తన తెలివికి తానే మురిసిపోతూ ఉండగా, ఒకనాటి మధ్యాహ్నం నరసమ్మ కుడిచెయ్యి మణికట్టు దాకా యంత్రంలోకి పోయింది. అప్పుడు గానీ బయటపడలేదు. బెల్టుకు అడ్డంగా ఉండాల్సిన రేకు ఎప్పుడో ఊడిపోయింది. అంతకుముందే అక్కడ పలువురి వేళ్ళు తెగాయి. మేస్త్రి ఖాసీం పసుపు అద్ది, కట్టు కట్టి, జ్వరమని చెప్పి ఇళ్ళకు పంపేస్తూ వచ్చాడు.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టినాడయ్యా. వాణ్ణి తీసేయమంటారా, వద్దా? ఒక్క మాట చెప్పండి," అంది వామాక్షి.

"చెప్తాలేమ్మా. ఈ పూట అన్నదానానికి జనం ఎక్కువ. వంటశాల కాస్త చూసుకో," అన్నారాయన.

వంటశాల సంతలా ఉంది. గిన్నెల మోత, బెల్లం ఓళిగలు ఒత్తుతున్న ఆడవాళ్ళ కేకలు. వామాక్షికి అలవాటైన మాటే నోట్లోంచి వచ్చింది. "ఒక్క పొరపాటు లేకుండా వడ్డన అయిపోతే మిగిలిన ఓళిగలన్నీ మీవే, ఇండ్లకు తీసుకుపోండి. ఒక్కరు తప్పు చేసినా ఎవరికీ లేవు."

"అట్లయితే ముందు ఈ సుంకమ్మ నోరు కట్టేయండి తల్లీ, సగం పొరపాట్లు ఆడ్నించే వస్తాయి," అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. ఆ తర్వాత వంటశాలలో చప్పుడే లేదు. వామాక్షి తృప్తిగా బయట అరుగు మీద కూర్చుంది.

వడ్డన మొదలైన కాసేపటికి పంక్తిలోంచి ఒక ముసలాయన గట్టిగా అరిచాడు. "ఏమ్మా, మఠంలో ఎడమచేత్తో వడ్డిస్తావా? మేమేమన్నా కుక్కలమా?"

వంటమనిషి ఈరమ్మ తల వంచుకుని నిలబడింది. కుడిచెయ్యి కొంగులో ఉంది. వామాక్షి విసురుగా పోయి కొంగు లాగింది. తడిగుడ్డతో పాటు చర్మమూ లేచి వచ్చింది. వడ్డనకు ముందే పొయ్యి రాయి జరిగి, గంజి మొత్తం చేతి మీద ఒలికిందట.

"ఇంత కాలితే చెప్పొద్దా ఈరమ్మా?"

"ఎట్ల చెప్తాం తల్లీ? నా చెయ్యి కాలిందని వీళ్ళ పిల్లోళ్ళ నోటికాడిది తీసేయమంటావా?"

ఆ రాయి పొద్దున్నుంచీ కదులుతూనే ఉందట. అందరికీ తెలుసు. ఇప్పుడు దాని మీదే రెండో గంగాళం ఉడుకుతోంది. వామాక్షి పరుగున పోయి, ఇద్దరి సాయంతో దాన్ని దించేదాకా ఊపిరి పీల్చుకోలేదు.

చెన్నవీరయ్యగారు కలబంద మట్ట చీల్చుకుని వచ్చి ఈరమ్మ పక్కన చతికిలబడ్డారు. గుజ్జు రాస్తూ, "ఇంత అవుతుందనుకోలేదు. నేనూ వచ్చి చూడాల్సింది," అని గొణుక్కున్నారు. తర్వాత తలెత్తి, "ఈ గుడ్డ కట్టిందెవరు?" అని అడిగారు.

"నేనేనయ్యా," అంది సుంకమ్మ.

ఆయన వామాక్షి వైపు తిరిగారు. "సుంకమ్మను తీసేద్దామా?"

వామాక్షికి నెల కిందటి మాట ఒకటి గుర్తొచ్చింది. ఖాసీం తన గది గుమ్మం దాకా వచ్చి, టోపీ తీసి నలుపుతూ నిలబడ్డాడు. "ఏం మేస్త్రీ, ఈ నెల కూడా అంతా క్షేమమే కదా?" అని తనే నవ్వుతూ అడిగింది. కాసేపు ఆగి, "క్షేమమేనమ్మా," అని వెళ్ళిపోయాడు. ఆ రోజు అతను ఏమి చెప్పడానికి వచ్చాడో అడగాలని కూడా తోచలేదు. అడిగి ఉంటే నరసమ్మ ఈపాటికి రెండు చేతులతో జడ వేసుకుంటూ ఉండేది.

వామాక్షి కూడా ఈరమ్మ పక్కన కూర్చుంది. "ఖాసీం ఉంటాడయ్యా. ఆ బోనసే ఉండదు. నరసమ్మ దగ్గరికి మాత్రం ఇంతవరకూ పోలేదు. ఏం తీసుకుపోవాల్నో తెలీక."

చెన్నవీరయ్యగారు ఈరమ్మ చెయ్యి వదల్లేదు.

"ఇయ్యాల్సింది రేపు ఇద్దువులేమ్మా. ఈ పొద్దు ఉత్తగా పోయి కూచో. ఏమన్నా ఇచ్చినావంటే, వీళ్ళ మాదిరే ఆమె కూడా ఏమీ చెప్పదు."