ఎనిమిది గ్రాముల ఆక్సిజన్

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు సౌభాగ్యమ్మగారికి లేదు. ఆడపిల్లల జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయింది. ఉన్న మాటలు పొదుపుగా వాడేవారు.

ఒక శనివారం సాయంత్రం వకుళ ఒక పేపరు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. వకుళ ఒకప్పుడు ఆవిడ దగ్గరే చదువుకుని, అక్కడే కొత్తగా లెక్చరరుగా చేరింది. ఎనిమిది గ్రాముల ఆక్సిజన్‌లో ఎన్ని పరమాణువులుంటాయన్నది లెక్క. దీవెన అనే అమ్మాయి అణువుల సంఖ్య సరిగ్గానే కట్టి, అక్కడితో ఆపేసింది. ఆక్సిజన్ అణువులో రెండేసి పరమాణువులు గనక చివర రెండుతో గుణించాలి. ప్రతి పరీక్షలోనూ ఇదే తప్పట. వకుళ సున్నా వేసింది. ఆ పిల్లను కింది సెక్షనుకు పంపడానికి సౌభాగ్యమ్మగారు సరేనంటే చాలు. అక్కడ ఎంట్రన్సు కోచింగ్ ఉండదు. దీవెన ఫార్మసీ సీటు ఆశ అంతటితో సరి.

"ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని పిల్లకు ఇంకా ఎన్నాళ్ళు చెప్పాలి మేడం?"

సౌభాగ్యమ్మగారు కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకున్నారు. భోజనాలయ్యాక చూద్దామన్నారు.

ఆ వేళ హాస్టల్ డ్యూటీ వకుళదే. శనివారం రాత్రి చపాతీలు. అన్నమైతే ఉజ్జాయింపుగా వండేస్తారు గానీ, చపాతీలకు మాత్రం ఎంతమంది ఉన్నారో డ్యూటీ మేడం చూసి చెప్పాలి. ఊళ్ళకు వెళ్ళినవాళ్ళ గదులకు తాళాలుంటాయి. పొద్దుటి నుంచి క్లాసులు చెప్పి కాళ్ళు లాగుతున్న వకుళ వరండా చివర నిలబడి, తాళం లేని గదులు లెక్కపెట్టి, ఆ అంకె వంటావిడ సింహాచలమ్మకు చెప్పి వచ్చేసింది.

సగంమంది తినేసరికే చపాతీలు అయిపోయాయి. ఖాళీ కంచాల వరుస వంటింటి గుమ్మం దాకా వచ్చింది. మీరు చెప్పినంతమందికే చేశానమ్మా అంది సింహాచలమ్మ, విసుగు దాచుకోకుండా. వరుసలోంచి ఎవరో, "గదికి ఇద్దరం ఉంటాం మేడం. పర్లేదులెండి, రెండోవాళ్ళం గాలి పీల్చి పడుకుంటాం" అన్నారు. పిల్లలు నవ్వారు. వకుళ తల దించుకుంది.

సౌభాగ్యమ్మగారు కొంగు బిగించి పిండి పళ్ళెం ముందు కూర్చున్నారు. వకుళ అప్పడాల కర్ర అందుకుంది. ఇద్దరికీ నడుములు పట్టేశాయి. ఒత్తుతూనే ఉన్నారు, సింహాచలమ్మ కాలుస్తూనే ఉంది.

"అలసిపోయి ఉన్నాను మేడం. గదికి ఇద్దరని నాకు తెలియక కాదు" అంది వకుళ చివరికి. అయితే ఆ పేపరు మళ్ళీ దిద్దమంటారా అని తనే అడిగింది.

సౌభాగ్యమ్మగారు ఇంకో ఉండ తీసుకున్నారు.

"సున్నా అలాగే ఉంచు. పిల్లని కూడా ఉంచు."