డెర్బీ నాటి తీర్పు

ఎల్లమంద గురువుగారిని ఏదన్నా అడిగితే అవుననరు, కాదనరు. చెప్పులేసుకుని "పదండి" అంటారు. ఎక్కడికని అడిగిన శిష్యుడు ఆ పూటకి ఇంటికి పోవచ్చు. ఆశ్రమం పెట్టకముందు ఆయన రేసు కోర్సులో ముప్ఫై ఏళ్లు గుర్రాలకు నాడాలు కొట్టి బతికిన మనిషి. ఆ సంగతి దాచుకోరు, చెప్పుకుని మురిసిపోరు.

ఆయన శిష్యుల్లో ఒకరు సౌమ్యనాథంగారు, రిటైరైన జిల్లా జడ్జి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పరాయి ఇంట కాఫీ చుక్క ముట్టని మనిషి. ఆయనకొక చిక్కు వచ్చిపడింది. గెలవాల్సిన గుర్రాన్ని స్వారీ చేసే జాకీలే కళ్లెం బిగబట్టి ఓడిస్తున్నారనీ, ఏది గెలవాలో ముందు రోజే తేలిపోతోందనీ పత్రికలు రేసు క్లబ్బును ఏకిపారేస్తున్నాయి. పరువు పోతోందని హడలిపోయిన క్లబ్బు వాళ్లు, విచారణ సంఘానికి పెద్దగా ఉండమని జడ్జిగారి కాళ్లావేళ్లా పడ్డారు. ఆయన ఊఁ అంటే చాలు, నగరమంతా ఆయన ఫోటోతో బోర్డులు లేస్తాయి. ఏడాదికంతటికీ పెద్ద పందెమైన డెర్బీ రోజు సాయంత్రంలోగా మాట చెప్పాలి. ఆయన జీవితమంతా కూడబెట్టుకున్నది ఆ మంచిపేరొక్కటే. దాన్ని ఎలాంటివాళ్ల చేతుల్లో పెడుతున్నారో తెలియక, పాపం, వారం రోజులుగా అన్నం సయించడం లేదు.

"అక్కడ మోసం ఉందా, లేదా? అదొక్కటీ చెప్పండి గురువుగారూ. ఉంటే ఆ ఛాయలకే పోను," అన్నారు డెర్బీ నాడు మధ్యాహ్నం. గురువుగారు చెప్పులేసుకున్నారు.

పందేనికి ముందు గుర్రాలను గుండ్రంగా తిప్పి జనానికి చూపించే చోటొకటి ఉంటుంది. ఇద్దరూ రేసు కోర్సుకు వెళ్లి ఆ చోటి కంచె దగ్గర నిలబడ్డారు. జడ్జిగారి కళ్లకు అంతా అనుమానమే. ఒక జాకీ టోపీ రెండుసార్లు సర్దుకున్నాడు, అది సైగ కాదు కదా? ఒక గుర్రం యజమాని జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు, అంత ఉక్క ఎక్కడుందీ? నల్ల గుర్రం మెడంతా చెమటలు కక్కుతోంది, ఏం మందు ఎక్కించారో! "చూశారా?" అని గురువుగారి చెవిలో గొణిగారు. "చూస్తున్నా నాయనా," అన్నారాయన.

ఇంతలో జంగయ్య అనే పాత పందెగాడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. నలభై ఏళ్లుగా పందేలాడి, రెండు ఆటోలు అమ్ముకున్న ఘనుడు. "ఉస్తాద్! ఎన్నేండ్లకు కనబడ్డవే! లోపలి ముచ్చట నీకు తెల్వకుండ ఉంటదా? ఏది గెలుస్తదో చెప్పు," అన్నాడు. ఆ మాట వినగానే చుట్టూ పాతికమంది మూగారు.

"నాకు తెలిసినంతలో పన్నెండు గుర్రాలూ నిజంగానే పరుగెత్తుతాయి జంగయ్యా. ఎవరూ ఎవరినీ ఆపరు. ఏది గెలుస్తుందో ఎవరికీ తెలియదు," అన్నారు గురువుగారు.

జంగయ్య మొహం మాడిపోయింది. "గట్లయితే ఏం చూసి పెట్టాలె? గుడ్డిగ పెట్టాల్నా?" అంటూ తల గోక్కున్నాడు. మూగినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. "ముసలోణ్ణి గూడ కొనేసిన్రు," అన్నాడెవడో పోతూ పోతూ. జడ్జిగారికి ఒళ్లు మండిపోయింది. మండిందే గాని, మరుక్షణమే ఆయనకూ అదే అనుమానం వచ్చింది. ముప్ఫై ఏళ్లు ఇక్కడే పడి ఉన్న మనిషి కదా, ఏమీ తెలియకుండా ఉంటుందా? తెలిసీ దాస్తున్నారేమో! గురువునే శంకించినందుకు లోలోపల చెంపలు వేసుకున్నారు.

అప్పుడు మూడో నంబరు గుర్రం కంచె పక్కనుంచి వెళ్లింది. గురువుగారు కంచె పట్టుకుని కిందికి వంగారు. దాని కాళ్లకేసి చూసి, "ఊఁ..." అని మెల్లగా లేచారు.

అంతే. రెండడుగుల దూరంలో తచ్చాడుతున్న జంగయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. "మూడు! మూడురో! ఉస్తాద్ నాడా చూసి చెప్పిండు!" ఇందాక మొహం తిప్పుకుని పోయినవాళ్లంతా పందెం టికెట్ల కిటికీల మీద విరుచుకుపడ్డారు. ఈ చోద్యం దగ్గరుండి చూద్దామనే జడ్జిగారు వాళ్ల వెనక నడిచారు. కనీసం తనకు తాను అలాగే చెప్పుకున్నారు. తీరా కిటికీ ముందుకి వచ్చేసరికి ఐదువందల నోటు చేతిలో ఉంది. నోరు "మూడు" అంది.

మూడో నంబరు తొమ్మిదోదిగా వచ్చింది. జనం కూర్చునే స్టాండంతా "దొంగ రేసు!" అని హోరెత్తిపోయింది. ఆ హోరులో జడ్జిగారి గొంతు అందరికంటే పైన వినిపించింది. "మోసం! మలుపులో కళ్లెం బిగబట్టాడు! నా కళ్లతో చూశాను!" దూరం చూడ్డానికి పెట్టుకునే కళ్లద్దాలు జేబులోనే ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే క్లబ్బు కార్యదర్శి రొప్పుకుంటూ వచ్చాడు. "మీ కోసమే వెతుకుతున్నాను సార్. తమరు ఒప్పుకున్నట్టేనా? ఇక్కడ అరిచేవాళ్లని చూశారుగా, ఏ ఆధారం లేకుండా నోరు పారేసుకుంటారు. మీలాంటివారు నిలబడితే గాని వీళ్లు నమ్మరు." జడ్జిగారి గుప్పిట్లో టికెట్టు నలిగిపోయింది. "సాయంత్రం... సాయంత్రం చెప్తాను," అన్నారు. కార్యదర్శి దండం పెట్టి వెళ్లిపోయాడు.

జడ్జిగారికి సిగ్గుతో మొహం కందిపోయింది. స్టాండు మెట్ల మీద కూర్చుని ఉన్న గురువుగారి పక్కన కూలబడ్డారు. "ఇంతకీ ఆ గుర్రం కాళ్లలో ఏం చూశారు గురువుగారూ? ఎందుకలా ఊఁ అన్నారు?"

"వంగేసరికి నా మోకాలు పట్టేసింది నాయనా."

గురువుగారు జడ్జిగారి భుజం ఆసరా చేసుకుని లేచి నిలబడి, మెల్లగా అడిగారు:

"సాక్షిని పిలవకుండా తీర్పు చెప్పడం ఇదే మొదటిసారా, జడ్జిగారూ?"